మట్టి పలకలను మాటాడించినవాడు

విద్య యనునది పాఠశాల గోడల నడుమనే లభించు వస్తువు కాదు. పాఠశాల దారి చూపును, నడువవలసినవాడు విద్యార్థియే. పేదరికమువలన పదునాలుగవ యేటనే చదువు మాని పనిలో చేరవలసివచ్చినను, ఆ పనిలో నలవడిన నేర్పునే సాధనముగా చేసికొని, ఇరువదేండ్లుగా ఎవరును చదువక పడియున్న యొక ప్రాచీన కథను చదివి లోకమునకు వినిపించిన యాంగ్లేయుడొకడు కలడు. అతని పేరు జార్జి స్మిత్తు. అతడు జీవించినది ముప్పదియారేండ్లు మాత్రమే. కాని యా స్వల్పకాలములోనే అతడు మానవజాతి చరిత్రకు రెండువేల యేండ్లుగా మరుగుపడియున్న కొన్ని పుటలను చేర్చిపోయెను.

స్మిత్తు చేసిన పని యెట్టిదో తెలియవలెనన్న, ముందుగా నతడు చదివిన లిపిని గురించి కొంత తెలిసికొనవలెను. పశ్చిమాసియాలో టైగ్రిసు, యూఫ్రటీసు అను రెండు మహానదులు కలవు. వాని నడుమనున్న నేలకు గ్రీకులు మెసపొటేమియా యని పేరిడిరి. నదుల నడిమి దేశమని దాని యర్థము. అందలి యధికభాగము నేటి ఇరాకు దేశములో నున్నది. దక్షిణమున సుమేరు, బాబిలోనియా దేశములును, ఉత్తరమున అస్సీరియాయు పూర్వకాలమున నచ్చట వర్ధిల్లెను. ఐదువేల యేండ్లకు పూర్వమే యచ్చటి జనులు వ్రాత నేర్చిరి.

మన పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసిరి. ఆ దేశమున నదులు తెచ్చి పోసిన బంకమట్టి కొల్లలుగా నుండెను. కావున వారు మెత్తని మట్టిని అరచేతిలో నిముడునంత పలకగా చేసి, రెల్లుకలపు మొనతో దానిపై నొత్తుచు వ్రాసిరి. అట్లొత్తగా నేర్పడిన గుర్తు ఒకవైపు వెడల్పుగను, రెండవవైపు సన్నముగను ఉండి, మేకును పోలియుండును. కీలమనగా మేకు. అందుచే దీనికి కీలాకార లిపి యని పేరు కలిగినది. ఇందలి గుర్తులు మన యేబదియారక్షరములవలె కొద్దిపాటివి కావు. కొన్ని వందలు కలవు. ఒకే గుర్తు ఒకచోట ఒక ధ్వనిని, మరియొకచోట మరియొక ధ్వనిని, వేరొకచోట పూర్ణమైన యొక పదమును తెలుపును. రాజశాసనములు, పన్నుల లెక్కలు, వైద్యము, గ్రహగతులు, స్తోత్రములు, కథలు, సమస్తమును ఈ లిపిలో వ్రాయబడెను. మూడువేల యేండ్లు వాడుకలో నుండి, క్రీస్తు శకారంభకాలమునకు ఈ లిపి క్రమముగా నశించెను. తరువాత దానిని చదువగలవాడు భూమిమీద నొక్కడును మిగులలేదు.

అస్సీరియా రాజులలో అసుర్బనిపాలు అనువాడు ప్రసిద్ధుడు. ఇతడు క్రీ.పూ. 669 మొదలు సుమారు 631 వరకు రాజ్యమేలెను. యుద్ధములలో నతడు మిక్కిలి క్రూరుడు. అయినను విద్యయందు మక్కువ గలవాడు. తాను వ్రాత, చదువు నేర్చితినని శాసనములలో గర్వముతో చెప్పుకొనెను. దేశమందలి ఆలయములనుండియు, పండితుల యిండ్లనుండియు పలకలు తెప్పించి, ప్రతులు వ్రాయించి, తన రాజధానియైన నినెవె నగరములో గొప్ప గ్రంథాలయమును కూర్చెను. క్రీ.పూ. 612లో శత్రువులు నినెవెను ముట్టడించి తగులబెట్టిరి. కాగితపు పుస్తకములైనచో బూడిదయై యుండెడివి. మట్టి పలకలు మాత్రము ఆ మంటలో ఇటుకలవలె కాలి గట్టిపడెను. పై కప్పులు కూలి పలకలు ముక్కలైనవి. వానిపై మన్ను పడినది. మన్నుపై గడ్డి మొలచినది. తుదకు నినెవె గొఱ్ఱెలు మేయు దిబ్బగా మిగిలెను.

1849 ప్రాంతమున హెన్రీ లేయార్డు అను నాంగ్లేయుడు మోసులు పట్టణమున కెదుటనున్న కుయుంజికు అను దిబ్బను త్రవ్వించి, ఈ గ్రంథాలయములో నొక భాగమును కనుగొనెను. 1853లో, మోసులులోనే పుట్టి పెరిగిన హోర్ముజ్దు రస్సాము రెండవ భాగమును వెలికి తీసెను. పలకలు, తునకలు కలిసి ముప్పదివేలకు పైగా లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. కాని వానిని చదువుట యెట్లు?

ఆ ప్రశ్నకు సమాధానము నప్పటికే కొందరు వెదకుచుండిరి. అందు ముఖ్యుడు హెన్రీ రాలిన్సను. ఇతడు 1827లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి బొంబాయికి వచ్చినవాడు. తరువాత పారసీక దేశమునకు పంపబడి, బిహిస్తును కొండపై దరియస్సు చక్రవర్తి చెక్కించిన శాసనమును 1835 మొదలుకొని ప్రాణములకు తెగించి యెక్కి నకలు తీసెను. ఆ శాసనము మూడు భాషలలో నున్నది. మొదట పాత పారసీక భాగమును చదివి, దాని సాయముచే బాబిలోనియా భాషను పండితులు క్రమక్రమముగా సాధించిరి. ఐర్లండు దేశీయుడైన ఎడ్వర్డు హింక్సు ఈ పనిలో రాలిన్సనుకు తీసిపోనివాడు. అయినను వీరు చదివినది నిజమేనా, ఊహయా యని లోకులు శంకించిరి. అందుచే 1857లో నొక పరీక్ష జరిగెను. ఒకే శాసనమును రాలిన్సను, హింక్సు, ఒప్పర్టు, టాల్బటు అను నలుగురు పండితులు ఒకరితో నొకరు సంప్రదింపకుండ విడివిడిగా అనువదించి, ముద్ర వేసిన కవరులలో లండనులోని రాయలు ఏషియాటికు సంఘమునకు పంపిరి. విప్పి చూడగా నాలుగు అనువాదములును ముఖ్య విషయములందు ఏకీభవించెను. నాటితో సందేహము తీరెను.

తాళముచెవి దొరికినది, కాని తెరువవలసిన తలుపులు వేలకొలది యున్నవి. మ్యూజియములో తునకలు పెట్టెలనిండ పడియుండెను. ఏ తునక యే పలకలోనిదో యెవరికిని తెలియదు. ఇట్టి సమయమున నా గదులలో నడుగుపెట్టినవాడు జార్జి స్మిత్తు.

స్మిత్తు 1840 మార్చి 26వ తేదీన లండను నగరమందలి చెల్సీలో నొక సామాన్య కుటుంబమున జన్మించెను. పదునాలుగవ యేట నొక ముద్రణసంస్థలో, నోట్లు అచ్చువేయుటకు లోహపు పలకలపై నగిషీ చెక్కు పని నేర్చుకొనుటకు చేరెను. అది కంసాలి పనివంటి సూక్ష్మమైన పని. నోటుపై గీతలు వెండ్రుకవలె సన్నముగా నుండవలెను. అక్షరములను అద్దములో కనబడునట్లు తలక్రిందుగా, వెనుకముందుగా చెక్కవలెను. ఒక్క గీత వంకరపోయినచో పలక చెడిపోవును. గంటలకొలది తల వంచి, కన్ను మరల్చక, గీతకును గీతకును గల యించుక భేదమును గుర్తించుట యా వృత్తికి ప్రాణము. అతడు చదువదలచిన లిపియు చిన్న చిన్న గీతల కూర్పే గదా! బ్రతుకుతెరువుకై నేర్చిన యీ పనియే తనకు గొప్ప విద్యాభ్యాసమగునని నాడా బాలుడెరుగడు.

చిన్ననాటినుండియు నతనికి ప్రాచ్యదేశముల పూర్వచరిత్రయందు మిక్కిలి యాసక్తి. లేయార్డు, రాలిన్సను మొదలగువారి గ్రంథములను చదివి ముగ్ధుడయ్యెను. కొద్దిపాటి జీతములో మిగిల్చినది పుస్తకములకే వెచ్చించెను. పనిచేయు చోటునుండి బ్రిటిషు మ్యూజియము నడచిపోవునంత దూరములో నుండెను. మధ్యాహ్నము తోడివారు భోజనము చేసి విశ్రమించు వేళ నతడు మ్యూజియమునకు నడచిపోయి పలకలయెదుట నిలిచెడివాడు. రాత్రులు ఇంటిలో దీపము ముందు కూర్చుండి లిపిని సాధన చేసెడివాడు. 1863లో మేరీ క్లిఫ్టను అను నామెను వివాహమాడెను. సంసారభారము పెరిగినను సాధన తగ్గలేదు.

ప్రతిదినము వచ్చి పలకలను చదువ యత్నించు నీ యువకుడు ప్రాచ్యవిభాగమున కధికారియైన శామ్యూలు బర్చి కంటబడెను. బర్చి యతనితో మాటలాడి, అతని పరిజ్ఞానమున కాశ్చర్యపడి, రాలిన్సనుకు పరిచయము చేసెను. ఆ యిరువురును స్మిత్తు ఏ విశ్వవిద్యాలయములో చదివెనని యడిగి త్రోసిపుచ్చలేదు. వానికేమి వచ్చునో చూచిరి. పగలు నోట్ల పలకలు చెక్కుచు, సాయంకాలములందు తునకలను శుభ్రపరచి, వేరుపరచి, అతికించు పనిలో నతడు తోడ్పడసాగెను.

ఈ పని చూచుటకు తేలికగా కనబడును. పగిలిన కుండపెంకులు వేయి కుండలవి ఒకచోట పోసి, మరల కుండలు చేయుమన్నచో నెట్లుండును? ఇదియు నట్టిదే. మట్టి రంగు, విరిగిన యంచు వంపు, వ్రాసినవాని చేవ్రాలు, పంక్తుల యెడము, వీనినన్నింటిని మనస్సున నిలుపుకొని, నెలల క్రిందట మరియొక పెట్టెలో చూచిన తునకను జ్ఞప్తికి తెచ్చుకొని జతపరుపవలెను. నగిషీపనిలో ఆరితేరిన స్మిత్తు కన్నులకు గీతల పోకడ వెంటనే పట్టుపడెడిది. పండితులు వ్యాకరణముతో చదువు చోట నతడు కంటితో చదివి, తరువాత వ్యాకరణముతో సరిచూచుకొనెడివాడు.

1866లో నతడు తన మొదటి పరిశోధనను ప్రకటించెను. ఇశ్రాయేలు రాజైన యెహు, అస్సీరియా రాజగు మూడవ షల్మనేసరుకు కప్పము కట్టినట్లు నప్పటికే తెలియును. అది యా షల్మనేసరు రాజ్యకాలములో నే సంవత్సరమున జరిగెనో స్మిత్తు కనిపెట్టెను. 1867లో మ్యూజియమువారు అతనిని సహాయకుడుగా నియమించిరి. నగిషీపని విడిచి, తాను కోరిన పనిలో నతడు స్థిరపడెను.

అటుపిమ్మట కొలదికాలములోనే పెక్కు కార్యములు సాధించెను. అసుర్బనిపాలు శాసనములనన్నిటిని కూర్చి, అనువాదముతో 1871లో గ్రంథముగా వెలువరించెను. సైప్రసు ద్వీపమున పూర్వము వాడుకలో నున్న మరియొక లిపిని చదువుటకు దారి చూపినవారిలో నతడొకడు. అస్సీరియనులు సంవత్సరములకు అంకెలు వేయక, ఒక్కొక్క సంవత్సరమును ఒక్కొక్క యధికారి పేరుతో పిలిచెడివారు. మనము ప్రభవ, విభవ యని యేండ్లకు పేర్లు పెట్టినట్లే యిదియు. అయితే మన పేర్లు అరువదేండ్ల కొకసారి తిరిగి వచ్చును, వారివి తిరిగి రావు. ఆ పేర్ల పట్టికలో నొక సంవత్సరమున సూర్యగ్రహణము కలిగెనని వ్రాసియున్నది. గణితముచే నది క్రీ.పూ. 763లో సంభవించినదని తేలెను. ఒక్క సంవత్సరము స్థిరపడినచో దానికి ముందు వెనుకలనున్న రాజుల కాలములన్నియు లెక్కకు వచ్చును. స్మిత్తు ఈ పట్టికలను శోధించి 1875లో నొక గ్రంథము ప్రకటించెను.

అతనికి జగత్ప్రసిద్ధి తెచ్చిన సంఘటనము 1872 నవంబరులో జరిగినది. పురాణకథలకు సంబంధించిన తునకలను వేరుపరచుచుండగా, సగము విరిగిన యొక పలక చేతికి వచ్చెను. అందొక ఓడ పర్వతముపై నిలిచిన మాటయు, ఒక పావురమును విడిచిన మాటయు, అది నిలువ చోటు కానక తిరిగి వచ్చిన మాటయు నతనికి కనబడెను. మిగిలిన పంక్తులపై సున్నమువంటి పొర గట్టిగా పట్టియుండెను. దానిని తొలగింపగల నేర్పరి యప్పుడు ఊరిలో లేడు. స్మిత్తు తొందరపడి తానే గీకి పాడుచేయలేదు. ఆ నేర్పరి తిరిగి వచ్చువరకు కొన్ని దినములు, నిద్ర పట్టకున్నను, ఓపిక పట్టెను. శుభ్రపడిన పలక చేతికి రాగానే చదివి, ఆనందము పట్టజాలక గదిలో నిటునటు పరుగులిడి, పైబట్టలు విప్పసాగెననియు, తోడివారు నివ్వెరపోయిరనియు చెప్పుదురు. రెండువేల యేండ్ల తరువాత నా వ్రాతను చదివిన మొదటి మనుష్యుడు తానేనని యతనికి తెలియును!

ఆ పలకలోని కథ యిది. దేవతలు లోకమును జలప్రళయముచే నాశనము చేయ నిశ్చయించిరి. ఏయా యను దేవుడు ఉత్నపిష్తి యను పుణ్యపురుషునకు ముందుగా తెలిపి, ఓడ నొకదానిని కట్టి, సమస్త ప్రాణుల బీజములను దానిలో నెక్కింపుమని చెప్పెను. ఆరు పగళ్లు, ఏడు రాత్రులు గాలివాన విజృంభించి భూమిని ముంచివేసెను. ఏడవనాడు తుపాను శాంతించెను. ఓడ పర్వతశిఖరమున నిలిచెను. మరి యేడు దినములకు నతడొక పావురమును విడిచెను. అది తిరిగి వచ్చెను. వానకోవెలను విడిచెను, అదియు తిరిగి వచ్చెను. పిమ్మట కాకిని విడువగా, నీరు తీయుట చూచి, తిండి వెదకుకొని, మరల రాలేదు. అప్పుడా పుణ్యపురుషుడు ఓడ దిగి దేవతలను పూజించెను.

బైబిలులో నోవహు కథ యిట్టిదే యుండుటచే ఐరోపావాసులు విస్మయమందిరి. మన శతపథబ్రాహ్మణమున మనువును చేప కాపాడిన కథయు, పురాణములలోని మత్స్యావతార కథయు తెలిసిన మనకు నిది వింతగను, పరిచితముగను తోచును. పోలిక యుండినంత మాత్రమున నొకటి మరియొకదానినుండి పుట్టినదని చెప్పరాదు. దానికి వేరు ప్రమాణములు కావలెను. అయినను జలప్రళయమును తలచి భయపడినవారును, దానినుండి బయటపడిన పుణ్యాత్ముని కథను బిడ్డలకు చెప్పుకొన్నవారును పెక్కు దేశములలో నుండిరని మాత్రము స్పష్టమగుచున్నది.

1872 డిసెంబరు 3వ తేదీన లండనులో నొక విద్వత్సభయందు స్మిత్తు ఈ విషయమును చదివెను. ఆ సభకు ప్రధానమంత్రి గ్లాడ్‌స్టను కూడ హాజరయ్యెను. మరునాటికి నొకప్పటి నగిషీ పనివాని పేరు ఊరూర మారుమ్రోగెను. పలకలో కొన్ని పంక్తులు విరిగిపోయినవి గదా, వానిని నినెవెలోనే వెదకింపవలెనని "డైలీ టెలిగ్రాఫు" పత్రికవారు వేయి గినీలు ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. ఆ పత్రికలో ముఖ్యుడైన ఎడ్విను ఆర్నాల్డు అంతకు పూర్వము పూనా కళాశాలకు అధ్యక్షుడుగా నుండినవాడు; తరువాత 1879లో బుద్ధచరిత్రమును ఆంగ్లకావ్యముగా వ్రాసి ప్రసిద్ధుడైనవాడు.

అంతవరకు దీపము ముందు కూర్చుండి పనిచేసిన స్మిత్తు 1873 జనవరిలో బయలుదేరి, మార్చిలో మోసులు చేరెను. నినెవె దిబ్బపై పూర్వపు గోతులు పూడిపోయి, రాళ్లు చెల్లాచెదరై, చోటు గుర్తించుటయే కష్టముగా నుండెను. మే 14వ తేదీ సాయంకాలము, ఆ దినము దొరికిన తునకలను ముందుంచుకొని మన్ను దులిపి చూచుచుండగా, ఒకదానిలో ప్రళయకథకు చెందిన పదునేడు పంక్తులు కనబడెను! విశాలమైన దిబ్బలో, కోరి వచ్చిన కథ తునకయే, త్రవ్వకము మొదలిడిన కొలదిదినములకే దొరకుట యద్భుతము. ఆ వార్త తంతి మూలమున లండను చేరెను. తమ కోరిక నెరవేరినదని పత్రికవారు తృప్తిపడిరి. స్మిత్తు ఇంకను త్రవ్వగోరినను, పని ముగించి తిరిగి రావలసివచ్చెను.

ఆ తునకను గురించి యిచ్చట నొక మాట చెప్పవలెను. అది స్మిత్తు తలచిన పలకలోనిది కాదని తరువాతి పండితులు నిరూపించిరి. అది యత్రహాసిసు అను వేరొక పుణ్యపురుషుని గూర్చిన మరియొక ప్రళయకావ్యములోనిది. అట్లే, యీ ప్రళయకథ గల మహాకావ్యపు నాయకుని పేరును స్మిత్తు "ఇజ్దుబారు" అని చదివెను. 1890లో పించెసు అను పండితుడు దాని సరియైన యుచ్చారణము "గిల్గమెషు" అని కనుగొనెను. ఇట్టి దిద్దుబాట్లవలన స్మిత్తు కీర్తికి లోపము లేదు. మొదట నడచినవాడు ముండ్లు త్రొక్కుచు దారి చేయును. వెనుక వచ్చువాడు దానిని చక్కజేయును. శాస్త్రము పెరుగు తీరే యది.

మ్యూజియమువారి ధనముతో స్మిత్తు రెండవసారి వెళ్లి, 1874 మొదటి నెలలలో త్రవ్వించి, మరికొన్ని తునకలు తెచ్చెను. 1875లో తన ప్రయాణముల చరిత్రను, 1876లో బాబిలోనియనుల సృష్టికథను, ప్రళయకథను తెలుపు గ్రంథమును ప్రకటించెను. మూడవసారి 1875 అక్టోబరులో బయలుదేరెను. ఈసారి ప్రయాణము మొదటినుండియు కష్టములతో నిండియుండెను. తుర్కీ ప్రభుత్వపు అనుమతిపత్రమునకై కాన్స్టాంటినోపులులో చాలకాలము కాచుకొనవలసివచ్చెను. దారిలో మహమ్మారి వ్యాపించియుండెను. తోడు వచ్చిన ఫిన్లండు పండితుడు ఎనెబర్గు మోసులులో మరణించెను. బాగ్దాదులో స్మిత్తు, ప్రాచీన బాబిలోను వర్తకుల లెక్కలు గల పలకలను మ్యూజియము కొరకు పెక్కింటిని కొనెను. కాని యెండలు ముదిరినవి, దేశములో నలజడి లేచినది, త్రవ్వకము సాగలేదు.

తిరుగు ప్రయాణములో నెడారి దారిని, నడివేసవిలో, స్మిత్తునకు రక్తగ్రహణి సోకెను. గుఱ్ఱముపై కూర్చుండు శక్తియు పోయెను. తన యవసానము సమీపించినదని తెలిసిన యా దినములలో నతడు దినచర్య పుస్తకములో కొన్ని మాటలు వ్రాసికొనెను. తన పని యంతయు విజ్ఞానము కొరకే యనియు, తాను సేకరించిన వస్తువులలో పరిశోధింపదగినది చాల కలదనియు, దానిని తానే పూర్తిచేయ దలచితిననియు, ఇక తన పలకలును, వ్రాతలును విద్యార్థులకెల్ల అందుబాటులో నుంచవలెననియు, తన కర్తవ్యమును పూర్ణముగా నెరవేర్చితిననియు అందలి భావము. 1876 ఆగస్టు 19వ తేదీన నలెప్పో నగరమున నతడు కన్నుమూసెను. లండనులో భార్యయు, పసిబిడ్డలును మిగిలిరి. రాణి వారికి సంవత్సరమునకు నూటయేబది పౌనుల భరణము నేర్పాటు చేసెను.

లోకమతనిని గొప్ప అన్వేషకుడని యెడారికి పంపెను. కాని యతడు కనుగొన్నవానిలో గొప్పది యెడారిలో దొరకలేదు. అది యిరువదేండ్లుగా మ్యూజియపు పెట్టెలో, పెక్కుమంది కన్నులయెదుట పడియున్న మురికి తునకలో దొరకినది. త్రవ్వినవారు దానిని భూమినుండి వెలికి తీసిరి. మౌనమునుండి వెలికి తీసినవాడు స్మిత్తు. చూచుట వేరు, చదువుట వేరు. ఆ చదువునకు కావలసినవి ధనమును, బిరుదులును గావు. చిన్న గుర్తును సైతము తక్కువగా చూడని కన్ను, ఫలము వెంటనే రాకున్నను విసుగు చెందని మనస్సు.

గిల్గమెషు కావ్యమును ఇప్పుడు మనము చాలవరకు పూర్తిగా చదువగలము. ఉరుకు పట్టణపు రాజైన గిల్గమెషు ప్రియమిత్రుడైన ఎంకిడును కోల్పోయి, చావులేని బ్రతుకు కొరకు లోకపుటంచులవరకు పోయి, ఉత్నపిష్తి నోట ప్రళయకథను విని, తుదకు చేతికి వచ్చిన యౌవనౌషధమును పాము తినివేయగా, రిక్తహస్తములతో ఇల్లు చేరెను. మానవునకు మరణము తప్పదు. అతడు కట్టిన గోడ మాత్రము నిలుచునని యా కావ్యము తెలుపును. స్మిత్తు చదివిన ప్రళయ పలక నేటికిని బ్రిటిషు మ్యూజియములో కే. 3375 అను సంఖ్యతో నున్నది. తునకలకు తునకలు అతుకు పనియు నేటికిని సాగుచునే యున్నది. అతడు కోరినట్లే, అతడు మొదలిడిన చదువును దేశదేశముల విద్యార్థులు కొనసాగించుచున్నారు.

ప్రశ్నలు

1. కీలాకార లిపికి ఆ పేరు ఎట్లు వచ్చెను? అసుర్బనిపాలు గ్రంథాలయమునకు అగ్నివలన కలిగిన మేలు ఏమి?

2. 1857లో నలుగురు పండితులకు పెట్టిన పరీక్షను వివరింపుము. దానివలన ఏమి తేలెను?

3. నగిషీ పని స్మిత్తుకు పరిశోధనలో నెట్లు తోడ్పడెను?

4. స్మిత్తు చదివిన ప్రళయకథను, నీవెరిగిన మత్స్యావతార కథను పోల్చి పది పంక్తులు వ్రాయుము.

5. "చూచుట వేరు, చదువుట వేరు." ఈ వాక్యమును స్మిత్తు జీవితమునకు అన్వయించి వివరింపుము.